డ్రైవింగు చేతితొడుగులు

కారు నడిపేటప్పుడు చోదకులు చేతులకు ధరించే తొడుగులను '''డ్రైవింగు చేతితొడుగులు''' లేదా డ్రైవింగు గ్లోవ్స్ అంటారు. వీటిని ఎక్కువగా పలుచని తోలుతో తయారు చేస్తారు.

== చరిత్ర ==
తొలినాటి కార్లు చాలావరకు పైకప్పు లేనివి. చెక్క లేదా లోహపు స్టీరింగు చక్రం చేతికి జారేది. అందువలన పట్టు కొరకు, చలి నుండి రక్షణ కొరకు తొడుగులు అవసరమయ్యాయి. డాష్‌బోర్డులోని అరకు "గ్లోవ్ బాక్స్" అనే పేరు వీటివలననే వచ్చింది. పవర్ స్టీరింగు వచ్చాక ఈ అవసరం తగ్గింది.

== సికింద్రాబాదులో ఉపయోగం ==
సికింద్రాబాదులో తొడుగుల అవసరం చలికి కాదు, ఎండకు. వేసవిలో ఉష్ణోగ్రత 40 డిగ్రీల సెల్సియస్ దాటుతుంది. ఎండలో నిలిపిన కారు స్టీరింగు పట్టుకోలేనంతగా వేడెక్కుతుంది. భారతదేశంలో చోదకుని స్థానం కుడివైపు ఉండుట వలన కిటికీ ఎండ కుడిచేతిపై పడుతుంది. సాధారణ పక్క అద్దం అతినీలలోహిత-బి కిరణాలను చాలావరకు ఆపుతుంది కాని, చర్మాన్ని నల్లబరచే అతినీలలోహిత-ఎ కిరణాలను పూర్తిగా ఆపదు.

== పరిమితులు ==
నూలు తొడుగులు చెమట పీల్చినా స్టీరింగుపై జారే అవకాశముంది. అరచేతి వైపు తోలు గాని, రబ్బరు చుక్కలు గాని ఉన్నవి మేలు. వదులైనవి ప్రమాదకరం. ఎండ నుండి రక్షణకే అయితే అరచేతిని విడిచిపెట్టే పొడవాటి చేతిపట్టీలు చాలు.

== చట్టం ==
మోటారు వాహనాల చట్టం, 1988 ప్రకారం కారు చోదకులకు చేతితొడుగులు తప్పనిసరి కాదు. సీటు బెల్టు తప్పనిసరి. ద్విచక్ర వాహనదారులు పడినపుడు సాధారణంగా అరచేతులు ముందుగా నేలకు తగులుతాయి కనుక, తొడుగులు కారులో కంటే వారికే ఎక్కువ అవసరం.