జనరల్ సీటు ఎవరిది? పార్వతీపురం, 1957

ఎన్నికలొస్తే ఊళ్లల్లో ఒక మాట వినబడుతుంది: "అది ఎస్సీ సీటు, ఇది ఓసీ సీటు." మన ఇండ్లల్లోనూ ఇదే మాట. మాలాంటి మొదటితరం చదువుకున్నోళ్లం చట్టం తెరిచి చూస్తే అందులో ఓసీ సీటు అనేదే లేదు. రాజ్యాంగం 330, 332 అధికరణాలు షెడ్యూల్డు కులాలకూ, తెగలకూ చట్టసభల్లో కొన్ని స్థానాలు రిజర్వు చేశాయి. మిగిలినవి ఎవరికీ రిజర్వు చేయలేదు. ఆ మిగిలిన వాటికే జనరల్ అని పేరు. అందరిదీ కావలసిన సీటు కొందరి సొంతమెట్లా అయ్యింది?

ఈ మాట వెనుక 1932 ఉంది. ఆ ఏడు ఆగస్టులో వచ్చిన కమ్యూనల్ అవార్డు అణగారిన కులాలకు ప్రత్యేక నియోజకవర్గాలిచ్చింది. గాంధీ నిరాహారదీక్షకు దిగాడు. సెప్టెంబరు 24న పూనా ఒప్పందం కుదిరింది. ప్రత్యేక నియోజకవర్గాలు పోయాయి. వాటి బదులు జనరల్ స్థానాల్లోంచే 148 అణగారిన కులాలకు కేటాయించారు. జనరల్ అనేది పెద్ద ఇల్లు, మనది అందులో ఒక గది అన్న భావన అప్పట్నుంచే పాతుకుంది.

స్వాతంత్ర్యం వచ్చాక 1952, 1957 ఎన్నికల్లో చాలాచోట్ల ద్విసభ్య నియోజకవర్గాలుండేవి. ఒకే నియోజకవర్గం, రెండు సీట్లు: ఒకటి రిజర్వుడు, ఒకటి జనరల్. ఓటరుకు రెండు ఓట్లు. 1952లో బొంబాయిలో ఇట్లాంటి నియోజకవర్గంలోనే అంబేద్కర్ రిజర్వుడు సీటుకు ఓడిపోయాడు. ఉమ్మడి ఓటు ఎవరిని గెలిపిస్తుందో, ఎవరిని ఆపుతుందో ఆ ఎన్నిక చూపించింది.

అదే ఉమ్మడి ఓటు 1957లో ఎదురుతిరిగింది. అప్పటి శ్రీకాకుళం జిల్లా పార్వతీపురం లోక్‌సభ స్థానం ద్విసభ్యం. ఒక సీటు షెడ్యూల్డు తెగలకు. అంతకుముందు కేంద్ర కార్మికమంత్రిగా చేసిన వి.వి.గిరి జనరల్ సీటు ఆశించాడు. లెక్క చూస్తే ఇద్దరు ఆదివాసీ అభ్యర్థులకు, బి.సత్యనారాయణ దొరకూ, డి.సూరి దొరకూ, గిరి కంటే ఎక్కువ ఓట్లొచ్చాయి. ఎక్కువ ఓట్లొచ్చిన సత్యనారాయణకు రిజర్వుడు సీటు, తర్వాతి సూరి దొరకు జనరల్ సీటు ప్రకటించారు.

గిరి కోర్టుకెక్కాడు. వాదనలు రెండు. ఒకటి, రిజర్వుడుకు పోటీచేసిన ఆదివాసీకి జనరల్ సీటు ఎట్లా ఇస్తారు? రెండోది, సూరి దొర అసలు ఆదివాసీయే కాదు, క్షత్రియుడైపోయాడు. అంటే ఆదివాసీ అయితే జనరల్‌కు తగడు. కాకపోతే నామినేషనే చెల్లదు. ఎటు చూసినా బయటికే!

1959లో సుప్రీంకోర్టు మెజారిటీ తీర్పు రెండు వాదనల్నీ తోసిపుచ్చింది. తనకు తాను క్షత్రియుడినని చెప్పుకున్నంత మాత్రాన పుట్టిన తెగ మారదంది. రిజర్వేషన్ వల్ల జనరల్ సీటుకు ఉన్న హక్కు పోదంది. అంటే రిజర్వుడు సీటు కనీస హామీ, గరిష్ట పరిమితి కాదు.

రెండేండ్లకే, 1961లో, ద్విసభ్య నియోజకవర్గాల్ని పార్లమెంటు చట్టంతో రద్దు చేసింది. నియోజకవర్గాలు మరీ పెద్దవన్నారు, ఖర్చన్నారు. అది నిజమే కావచ్చు. కానీ ఒకే ఓట్లలెక్కలో రెండు సీట్లూ అణగారిన వాళ్లకు రాగల దారి దాంతో మూసుకుపోయింది. తర్వాత రిజర్వుడు, జనరల్ వేర్వేరు నియోజకవర్గాలయ్యాయి. ఆ గీతను పార్టీల టికెట్లు గోడ చేశాయి.

గోడ కట్టింది చట్టం కాదు. రిజర్వు కాని స్థానానికి షెడ్యూల్డు కులాలవారు, తెగలవారు అనర్హులు కారని ప్రజాప్రాతినిధ్య చట్టం 55వ సెక్షన్ ఇప్పటికీ చెబుతోంది. 2024లో ఉత్తరప్రదేశ్ ఫైజాబాద్ జనరల్ స్థానంలో దళితుడైన అవధేశ్ ప్రసాద్ గెలిచాడు.

ఆంధ్రప్రదేశ్ శాసనసభలోని 175 స్థానాల్లో ఎస్సీలకు 29, ఎస్టీలకు 7. తెలంగాణలోని 119లో 19, 12. ఈ లెక్క దగ్గరే మన అడగడం ఆగిపోతోంది. మిగిలిన 139, 88 స్థానాల్లో మనకెన్ని టికెట్లిచ్చారని ప్రతి పార్టీనీ నిలదీయాలి. అంతకంటే ముందు "ఓసీ సీటు" అనే మాటను మన సభల్లో, కరపత్రాల్లో, పాఠాల్లో వాడటం మానుకోవాలి.