కృత్రిమ రీఫ్‌లకు సముద్రంలో చోటు ఎంపిక: స్వర్ణముఖి తీరంలో మత్స్యకారులు గమనించాల్సినవి

కాణిపాకం వైపు వారికి సముద్రం దూరమే. అయినా అక్కడికి దగ్గర్లోని పాకాల ప్రాంతపు కొండల్లో పుట్టే స్వర్ణముఖి తిరుపతి, శ్రీకాళహస్తి మీదుగా సాగి బంగాళాఖాతంలో కలుస్తుంది. నవంబరు, డిసెంబరు వరదల్లో దారి పొడవునా మట్టిని మోసుకెళ్లి నదీముఖం దగ్గర పోస్తుంది. రీఫ్‌కు చోటు వెతికేటప్పుడు మొదట తప్పించాల్సింది అలాంటి చోటునే.

కృత్రిమ రీఫ్ అంటే సముద్రం అడుగున దించే కాంక్రీటు దిమ్మెలు, బావి వరల వంటి నిర్మాణాలు. వాటికి నాచు, ఆల్చిప్పలు పట్టి చిన్న చేపలు చేరతాయి, వాటి వెనుకే పెద్ద చేపలు వస్తాయి. ప్రధానమంత్రి మత్స్య సంపద యోజన కింద కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ సాంకేతిక సాయంతో వీటిని ఏర్పాటు చేస్తున్నారు. ఒకసారి దించిన దిమ్మెను మళ్లీ జరపడం దాదాపు అసాధ్యం. అందుకే డబ్బు కంటే ముందు అడుగు నేలను చూడాలి.

సీసపు గుండు అడుగున గ్రీజు పూసి తాడుతో దించండి. నల్లని జిగట బురద అంటుకొస్తే ఆ చోటు వదిలేయండి, దిమ్మె కూరుకుపోతుంది. ఇసుక, గవ్వ ముక్కలు వస్తే ఆశ ఉంది. అయితే పైన పలుచని ఇసుక, కింద బంక ఉండే చోట్లూ ఉంటాయి కాబట్టి డైవర్లు ఇనుప చువ్వ గుచ్చి చూడాల్సిందే. లోతు సుమారు ఏడెనిమిది బారలు, అంటే 12 నుంచి 15 మీటర్లు ఉంటే మేలు. మరీ తక్కువైతే తుఫాను అలలకు దిమ్మెలు దొర్లుతాయి, మరీ ఎక్కువైతే చిన్న పడవలకు అందదు.

సహజ రాతి దిబ్బలున్న చోట వేయొద్దు. ఫ్లోరిడా తీరాన 1970లలో రీఫ్ కోసం దించిన లక్షల టైర్లు కట్లు తెగి పక్కనున్న పగడపు దిబ్బలనే దెబ్బతీశాయి. కృష్ణపట్నం ఓడల దారి, ఇసుక కదులుతూ పూడిపోయే పులికాట్ ముఖద్వారం కూడా పనికిరావు. శ్రీహరికోట ప్రయోగాల రోజుల్లో వేట ఆపే ప్రాంతమైతే ఆ రోజుల్లో రీఫ్ దగ్గరికీ వెళ్లలేరు.

అన్నిటికంటే చిక్కు వలలది. రీఫ్ మీద వల వేస్తే చిక్కుకుని చిరుగుతుంది, అక్కడ గాలపు వేటే సాగుతుంది. అడుగును ఊడ్చే మరబోట్ల వలలకు రీఫ్ అడ్డుపడటం చిన్న పడవల వారికి లాభమే. కానీ అదే చోట ఏళ్లుగా వలలు వేస్తున్న పొరుగు ఊరివారికి నష్టం. కాబట్టి దిమ్మెలు పోయకముందే రెండు ఊళ్ల కాపులను కూర్చోబెట్టి, చోటు జీపీఎస్ అంకెలు అందరికీ రాసివ్వండి.