ఎసిటేట్ రేయాన్ రంగుల వాయు వివర్ణత

ఎసిటేట్ రేయాన్ బట్టకు అద్దిన నీలం, ఊదా వంటి రంగులు గాలిలోని నైట్రోజన్ ఆక్సైడ్లు సోకి ఎర్రబారడాన్ని వాయు వివర్ణత అంటారు. ఎండకు రంగు వెలవడం వేరు, ఇది వేరు. వెలుతురు తగలకుండా మడతపెట్టి దాచిన బట్టలోనూ ఇది కనిపిస్తుంది. గ్యాస్ పొయ్యి, గ్యాస్ హీటర్ల మంట వేడికి గాలిలోని నైట్రోజన్, ఆక్సిజన్ కలిసి ఈ ఆక్సైడ్లు పుడతాయి.

రేయాన్‌లో ప్రధానమైన విస్కోస్ శుద్ధమైన సెల్యులోజ్ కనుక నూలుకు వాడే రంగులే దానికీ పడతాయి. ఎసిటేట్ అలాంటిది కాదు. అందులో సెల్యులోజ్ హైడ్రాక్సిల్ సమూహాల్లో చాలా భాగం ఎసిటైల్ సమూహాలతో నిండిపోతుంది. పోగు నీటిలో అంతగా ఉబ్బదు, నూలు రంగులు దానికి అంటవు. 1920ల తొలినాళ్లలో బ్రిటన్‌లో ఈ బట్ట తయారీ పెరిగినప్పుడు అద్దకానికి ఇదే పెద్ద అడ్డంకి అయింది. 1922లో అయొనమైన్లు అనే రంగులు, 1923లో నీటిలో సన్నని రేణువులుగా చెదిరి ఉండే డిస్పర్స్ రంగులు వచ్చాక ఆ అడ్డంకి తొలగింది. నిగనిగలాడే నీలాలు ఎక్కువగా అమైనో ఆంథ్రాక్వినోన్ల నుంచే వచ్చాయి. కొత్త చిక్కు కూడా వాటితోనే మొదలైంది.

ఎసిటేట్ పోగు నైట్రోజన్ ఆక్సైడ్లను బాగా పీల్చుకుంటుంది. పోగులో చేరిన ఆక్సైడ్లు రంగు అణువులోని అమైనో సమూహాలపై దాడి చేస్తాయి. నీలిమకు ఆధారం ఆ సమూహాలే కనుక అవి మారగానే ఎరుపు పైకి తేలుతుంది. లీడ్స్ విశ్వవిద్యాలయ ఆచార్యుడు ఎఫ్. ఎం. రో, చేంబర్లిన్‌తో కలిసి 1937లో ప్రచురించిన పరిశోధన ఈ చర్యలను విపులంగా వివరించింది.

నివారణ మూడు దారుల్లో సాగింది. మొదటిది, రంగు కంటే ముందే ఆక్సైడ్లతో చర్య జరిపే డైఫినైల్ ఇథిలీన్ డయమైన్ వంటి నిరోధకాలను బట్టకు పట్టించడం. ఇవి వాడుకలో క్రమంగా ఖర్చైపోతాయి కనుక ఈ రక్షణ శాశ్వతం కాదు. రెండవది, అమైనో సమూహాల క్షారగుణాన్ని తగ్గించి ఆక్సైడ్లకు లొంగని రంగులను రూపొందించడం. మూడవది, పోగు తీయకముందే ఎసిటేట్ ద్రావణంలో వర్ణకాన్ని కలపడం. దీనితో అద్దకం అవసరమే ఉండదు.

నిరోధకాలు వాడినా కొన్ని నీలాలు వెలవడం ఆగలేదు. దానికి గాలిలోని ఓజోన్ కారణమని 1955లో సాల్విన్, వాకర్ అనే పరిశోధకులు చూపారు. ఓజోన్ వల్ల రంగు ఎర్రబారదు, పాలిపోతుంది. అందుకే నేటి అంతర్జాతీయ ప్రమాణాల్లో నైట్రోజన్ ఆక్సైడ్లకు, మండిన గ్యాస్ పొగకు, ఓజోన్‌కు రంగు తట్టుకునే శక్తిని వేర్వేరు పరీక్షలతో కొలుస్తారు.