ఆజ్ఞకు విభక్తి

ఫిల్మ్ నగర్‌లో "స్క్రిప్టు" అనే మాటకు రెండర్థాలున్నాయి. మొదటిది లోకమెరిగినదే, నిర్మాత చేతికి చేరేది. రెండవది దృశ్యప్రభావాల గదులలో రాత్రిపూట కంప్యూటర్లకు అప్పగించేది. అది చాలావరకు పైథాన్ భాషలో ఉంటుంది. ఈ వ్యాసం రెండవదానిని గురించి. ఇంకా ఖచ్చితంగా చెప్పాలంటే, ఆ స్క్రిప్టును పిలిచేటప్పుడు దాని పేరు పక్కన మనం రాసే మాటలను అది ఎలా అర్థం చేసుకుంటుందనే చరిత్రను గురించి. విషయం చిన్నదే. కాని తెలుగు వ్యాకరణం చదువుకున్నవారికి ఇందులో ఒక పాత పరిచయస్థుడు ఎదురవుతాడు.

ముందుగా ఆ గదులలో పని తీరు చెప్పాలి. సినిమాలో సెకనుకు 24 ఫ్రేములు, ఐదు సెకన్ల షాటుకు 120. కంప్యూటరులో నిర్మించిన బొమ్మను (2012లో వచ్చిన "ఈగ"లోని ఈగనే తీసుకోండి) తెరమీదికి తేవాలంటే ప్రతి ఫ్రేమునూ వెలుగునీడలతో సహా లెక్కగట్టి చిత్రంగా మార్చాలి. దీనినే రెండరింగు అంటారు. ఒక్కో ఫ్రేముకు 20 నిమిషాలు పడుతుందనుకుంటే, ఆ ఐదు సెకన్లకు ఒక యంత్రం మీద 40 గంటలు. అందుకని షాటును ముక్కలు చేసి పది యంత్రాలకు పంచుతారు. పది యంత్రాల ముందూ మౌసు పట్టుకుని కూర్చునేవారు ఉండరు కనుక, ఏ ఫైలు, ఎక్కడినుండి ఎక్కడివరకు, ఎంత పరిమాణంలో అన్నది ఒక పంక్తిగా రాసి పంపుతారు. ఇదే కమాండ్ లైన్, మన మాటల్లో ఆజ్ఞాపంక్తి. అమెరికాలో ఇండస్ట్రియల్ లైట్ అండ్ మ్యాజిక్ సంస్థ 1996లోనే ఇటువంటి పనులకు పైథాన్‌ను చేపట్టింది.

నేను కొంతకాలం పనిచేసిన ఒక చిన్న గదిలో ఇటువంటి స్క్రిప్టు ఒకటి ఉండేది. నాలుగు సంఖ్యలు వరుసగా ఇవ్వాలి: మొదటి ఫ్రేము, చివరి ఫ్రేము, ఎన్నింటికొకటి, పరిమాణం ఎంత శాతం. "101 240 2 50" అంటే 101 నుండి 240 వరకు, రెండింటికొకటి చొప్పున, సగం పరిమాణంలో అని అర్థం. ఒక రాత్రి షిఫ్టు కుర్రవాడు చివరి రెండూ తారుమారు చేశాడు. యంత్రం నోరెత్తలేదు. అన్నీ సంఖ్యలే కదా! తెల్లవారి దర్శకుడు చూడవలసిన వేళకు "అన్నా, మూడే బొమ్మలొచ్చినయి" అన్నాడు. 101, 151, 201. అవీ రెండు శాతం పరిమాణంలో, తపాలాబిళ్ళలంత. తిట్లు కుర్రవాడికి పడ్డాయి. స్క్రిప్టు రాసినాయన అప్పటికే ఊరు మారిపోయాడు.

ఇక్కడే మన వ్యాకరణం గుర్తుకు వస్తుంది. రాముడు రావణుని చంపాడన్నా, రావణుని రాముడు చంపాడన్నా, చచ్చినవాడు రావణుడే. మాట ఏ స్థానంలో ఉన్నా దాని పాత్ర ఏమిటో విభక్తి చెబుతుంది. ఇంగ్లీషులో ఆ రెండు పేర్లూ చోట్లు మార్చుకుంటే రామాయణమే తలకిందులవుతుంది. చిన్నయసూరి 1858లో వెలువరించిన బాలవ్యాకరణంలో కారకానికి ఒక పరిచ్ఛేదమే కేటాయించాడు. ఆ నాలుగు సంఖ్యల స్క్రిప్టుకు లేనిది అదే. దానికి స్థానమే తప్ప విభక్తి లేదు.

యంత్రాలకు ఇచ్చే ఆజ్ఞలకు విభక్తులు ఒక్కరోజులో రాలేదు. 1971 నవంబరు నాటి మొదటి యూనిక్స్ కరదీపికలోనే, ఫైళ్ళ జాబితా చూపే ఆజ్ఞకు అడ్డగీత వెంట ఒంటి అక్షరాలు చేర్చే పద్ధతి కనిపిస్తుంది. అయితే ప్రతి ప్రోగ్రాము తన అక్షరాలను తానే చదువుకునేది, ఒకదాని అలవాటు ఇంకొకదానికి ఉండేది కాదు. ఈ చదివే పనిని అందరికీ ఉమ్మడిగా చేసిపెట్టే "గెటాప్ట్" అనే సి భాషా ప్రమేయాన్ని ఏటీ అండ్ టీ సంస్థ 1985లో డల్లాస్‌లో జరిగిన యూనిఫోరమ్ సదస్సులో అందరికీ ఉచితంగా విడుదల చేసింది. తరువాత గ్నూ వారు ఒంటి అక్షరాలకు తోడు, రెండు అడ్డగీతల వెంట పూర్తి మాట రాసే పద్ధతిని వ్యాప్తిలోకి తెచ్చారు.

పైథాన్ కూడా మొదట గెటాప్ట్ బాటనే నడిచింది. అయితే అది పేరూ విలువా జతలు జతలుగా చేతిలో పెట్టి తప్పుకునేది. అక్షరాలను సంఖ్యలుగా మార్చడం, వాడుకరికి సహాయ వచనం రాయడం అంతా మన పనే. గ్రెగ్ వార్డ్ రాసిన "ఆప్టిక్" 2003లో పైథాన్ 2.3తోపాటు "ఆప్ట్‌పార్స్" పేరున ప్రామాణిక గ్రంథాలయంలోకి వచ్చింది. ఇకనుండి ఏ ఐచ్ఛికం పేరేమిటి, అది సంఖ్యా, మాటా, దాని భావమేమిటి అని ముందుగా ప్రకటిస్తే చాలు. సహాయ వచనం దానంతటదే తయారవుతుంది. ఒక్క పట్టుదల మాత్రం ఉండేది: ఐచ్ఛికమన్నది తప్పనిసరి కారాదని. "తప్పనిసరి ఐచ్ఛికం" అంటే తెలుగులోనూ నవ్వు వస్తుంది కదా! కాని రెండరింగు గదిలో మొదటి ఫ్రేము చెప్పకుండా పని జరగదు. స్టీవెన్ బెథార్డ్ రాసిన "ఆర్గ్‌పార్స్" ఈ పట్టుదలను సడలించింది. స్థానాన్నిబట్టి వచ్చే మాటలకు కూడా పేర్లు పెట్టనిచ్చింది. 2009లో ప్రతిపాదనగా వచ్చి, 2010లో పైథాన్ 2.7లోనూ 2011లో 3.2లోనూ చేరింది. 2.7లో చేరడం సినిమావారికి మేలు చేసింది. ఈ రంగం చాలాకాలం 2.7నే అంటిపెట్టుకుని, 2020 సంవత్సరపు ఉమ్మడి ప్రమాణంతో గాని మూడవ పైథాన్ వైపు మళ్ళలేదు. అప్పటికి ఆర్గ్‌పార్స్ రెండు ఒడ్డులమీదా ఉంది.

నేను ఆ పాత స్క్రిప్టును ఆర్గ్‌పార్స్‌తో తిరగరాశాను. నాలుగింటికీ పేర్లు పెట్టి, నాలుగూ తప్పనిసరి చేశాను. పరిమాణానికి 25, 50, 100 తప్ప మరొకటి చెల్లదని ప్రకటించాను. ఇప్పుడు పరిమాణం 2 అంటే, చెల్లే విలువలేవో చెప్పి అది అక్కడే ఆగిపోతుంది. పని పంచే యంత్రానికి వైఫల్య సంకేతంగా 2 అనే సంఖ్యను అందిస్తుంది. విభక్తి వల్ల సౌకర్యం ఉన్నదన్నది నిజమే. అంతకన్నా ముఖ్యం, తప్పును "తప్పు" అనడానికి యంత్రానికి ఒక ఆధారం దొరకడం.

అంతమాత్రాన అన్ని ప్రమాదాలూ తొలగలేదు. బ్లెండర్ అనే ప్రసిద్ధ సాధనంలో ఐచ్ఛికాలకు పేర్లున్నా, అవి రాసిన వరుసలోనే అమలవుతాయి. రెండరు చెయ్యమని ముందు చెప్పి, ఏ ఫోల్డరులోకో తరువాత చెబితే, చిత్రాలు పాత ఫోల్డరులోకే పోతాయి. ఆర్గ్‌పార్స్‌లోనూ ఒక గుంట ఉంది. నీడలు కావాలా వద్దా అనే ఐచ్ఛికానికి "బూల్" రకమని ప్రకటిస్తే, "ఫాల్స్" అని రాసినా అది ట్రూగానే తీసుకుంటుంది. ఖాళీ కాని ఏ మాటైనా దానికి ఔననే అర్థం. అందుకు విలువ అక్కరలేని ఐచ్ఛికాన్ని వాడాలి. 2020లో వచ్చిన 3.9 నుండి, ఔను, కాదు రెండు రూపాలనూ తానే కల్పించే సదుపాయం కూడా ఉంది.

తెలుగును యూనికోడులో రాసుకోవడానికి ఆరాటపడ్డ మిత్రులకు చివరగా ఒక ముచ్చట. మూడవ పైథాన్‌లో ఐచ్ఛికాల పేర్లు తెలుగులోనే పెట్టుకోవచ్చు. "--మొదలు ౧౦౧ --చివర ౨౪౦" అని రాసి చూడండి. సంఖ్య అని ప్రకటించి ఉంటే, ఆ తెలుగు అంకెలను అది 101, 240 గానే చదువుకుంటుంది. సహాయ వచనమూ తెలుగులో రాయవచ్చు. ఏ ఐచ్ఛికం ఎందుకో నాలుగు తెలుగు ముక్కలు రాసిపెడితే, రాసినవాడు ఊరు మారినా, అర్ధరాత్రి ఒంటరిగా కూర్చున్న కుర్రవాడికి అడగడానికి ఒక దిక్కుంటుంది.