బయానా ఎవరు ఎవరికి ఇస్తారు?



మొన్నొక మధ్యాహ్నం మా జగ్గయ్యపేటలో, మా వీధి చివరి ఇంటావిడ వంటపని ముగించుకుని మా ఇంటికొచ్చింది. చేతిలో కూతురి ఫోను. "వదినగారూ, మా అమ్మాయిని చీరల ప్రకటనకు ఎంపిక చేశారటండీ. ఇంటర్నెట్టులో ఫోటో చూసి హైదరాబాదునుంచి కబురు పెట్టారు" అంది. సంతోషమే అన్నాను. తీరా చదివితే కబురు చివర ఒక మెలిక ఉంది. పేరు నమోదుకూ, ఫోటోల ఆల్బముకూ కలిపి ఎనిమిది వేలు ముందుగా పంపాలట. ఆఫీసు చిరునామా లేదు. ఫోను నంబరు ఒక్కటే ఉంది. "పంపమంటారా, లేక హైదరాబాదు వెళ్ళి ఎవరైనా ఏజెన్సీవాళ్ళనే అడగమంటారా?" అని ఆవిడ ప్రశ్న.

నాకు చప్పున బయానా అన్న మాట గుర్తొచ్చింది. మా మెట్టప్రాంతంలో ఎద్దుల బేరం కుదిరినా, పెళ్ళికి మేళాన్ని మాట్లాడుకున్నా, కావలసినవాడే ముందు బయానా ఇస్తాడు. మేళగాడు పెళ్ళివారికి ఎదురు డబ్బిచ్చి సన్నాయి ఊదడం ఎక్కడైనా విన్నారా? ముఖానికి రంగు వేసుకునే పనుల్లో ఈ బయానా ఎటునుంచి ఎటు నడిచిందో కాస్త వెనక్కి వెళ్ళి చూద్దాం.

ఒకప్పుడు సంసారుల ఇళ్ళ ఆడవాళ్ళు రంగస్థలం ఎక్కేవారు కారు. సత్యభామ వేషమైనా మగవాళ్ళే కట్టాలి. ఆ వేషంతోనే బాపట్లలో పుట్టిన స్థానం నరసింహారావుగారు పేరు మోశారు. 1956 లో పద్మశ్రీ కూడా అందుకున్నారు. ఈ ఆచారానికి ఎదురు నడిచినవారు సురభివారు. 1885 లో కడప జిల్లా సురభి గ్రామంలో వనారస గోవిందరావుగారు మొదలుపెట్టిన ఆ నాటక సమాజంలో ఆడవేషాలు ఆడవాళ్ళే కట్టారు. అదెలా సాధ్యమైందంటే, సమాజమంతా ఒకే కుటుంబం. తండ్రి, అన్న, మేనమామ పక్కనే ఉంటారు. మధ్యలో దళారి అవసరమే లేదు. 1932 లో విడుదలైన తొలి తెలుగు టాకీ 'భక్తప్రహ్లాద' కథానాయిక కమలాబాయి కూడా ఆ సురభి బిడ్డే.

తర్వాత కాంట్రాక్టు నాటకాల రోజులొచ్చాయి. కాంట్రాక్టరు ఒక ఊరినుంచి కృష్ణుణ్ణీ, మరో ఊరినుంచి అర్జునుణ్ణీ పిలిపించి, వాల్‌పోస్టర్లు వేసి, టిక్కెట్లు అమ్మేవాడు. వసూళ్ళు తగ్గినప్పుడు మిగతా పైకం దగ్గర పేచీలు వచ్చేవనుకోండి. కాని బయానా మాత్రం నటుడి చేతిలో పడాల్సిందే. అది ముడితేనే రైలెక్కేవారు.

సినిమాలు మద్రాసు చేరాక ఎక్స్‌ట్రా సప్లయర్లు వచ్చారు. జనంలో నిలబడే వేషాలకు మనుషుల్ని తెచ్చేది వాళ్ళే. కూలి వాళ్ళ చేతిమీదుగానే వచ్చేది, అందులో వాళ్ళ వాటా పోయేది. పని చేశాక కోత పడటం కష్టమే. కాని పనికి ముందే ఎదురు కట్టడం వేరు.

ఇక్కడ సావిత్రిగారిని తలుచుకోవాలి. గుంటూరు జిల్లా చిర్రావూరులో పుట్టి, విజయవాడలో నాటకాలాడి మద్రాసు వెళ్ళిన పిల్ల. 1950 నాటి 'సంసారం'లో పెద్దవేషం చేతిదాకా వచ్చి జారిపోయింది, చిన్నవేషమే మిగిలింది. 1951 లో 'పాతాళభైరవి'లో ఒక నాట్యం. 1953 లో 'దేవదాసు' వచ్చాకగాని లోకం తలెత్తి చూడలేదు. అంతటి ఆవిడకే తలుపు ఒక్కసారిగా తెరుచుకోలేదు. ఎనిమిది వేలు కడితే వేషం ఖాయమని ఎవరైనా అంటే మరి నమ్మడమెలా?

ఇక మోడలింగు సంగతి. దీని పుట్టిల్లు ప్యారిస్ బట్టల కొట్టు. 1850 ప్రాంతాల్లో మరీ వెర్నే అనే అమ్మాయి కొట్టులో శాలువలు కప్పుకుని కొనేవారికి చూపించేది. ఆ కొట్టులోనే పనిచేసిన చార్లెస్ వర్త్‌ను పెళ్ళాడింది. అతను తర్వాత గొప్ప దుస్తుల వ్యాపారి అయ్యాడు. ఆమె కట్టిన బట్టలు చూసి గొప్పింటివారు ఆర్డర్లిచ్చేవారు. తొలి మోడల్ ఆమేనంటారు. అంటే ఈ వృత్తి మొదలైంది కొట్టు ఉద్యోగంగా.

ఏజెన్సీ అన్నది 1923 లో న్యూయార్కులో పుట్టింది. జాన్ రాబర్ట్ పవర్స్ అనే నటుడు తనకు తెలిసినవాళ్ళ ఫోటోలూ, కొలతలూ ఒక పుస్తకంగా వేసి ప్రకటనలిచ్చేవారికి పంపాడు. 1946 లో అదే ఊళ్ళో ఐలీన్ ఫోర్డ్ అనే ఇల్లాలు, భర్త జెర్రీతో కలిసి ఇంట్లో టెలిఫోను పెట్టుకుని ఈ పని మొదలుపెట్టింది. వ్యాపారస్థులు నెలల తరబడి డబ్బివ్వక అమ్మాయిలు అవస్థపడుతుంటే, వాళ్ళివ్వకముందే ఏజెన్సీ తన చేతినుంచి చెల్లించే పద్ధతి పెట్టింది. తర్వాత వ్యాపారస్థులనుంచి రాబట్టుకునేది. చూశారా, అక్కడా బయానా మన మేళగాడికి వచ్చినట్టే వచ్చింది. మంచి ఏజెన్సీ సంపాదనలోంచి కమిషను తీసుకుంటుంది, సంపాదన లేకముందు కాదు.

అలాగని బోర్డు కట్టిన ప్రతి ఆఫీసూ గుడి కాదు సుమా! 2018 లో హైదరాబాదులో చిన్న నటీమణులు తమ గోడు వీధికెక్కి చెప్పుకున్నారు. మరుసటి ఏడు తెలంగాణ ప్రభుత్వం తెలుగు సినిమా, టీవీ రంగాల్లో స్త్రీల పరిస్థితిపై కమిటీ వేసింది. 2022 లో నివేదిక చేరింది. 2024 లో కేరళలో హేమ కమిటీ నివేదిక వెలువడ్డాక, మనది కూడా బయటపెట్టమని నటీమణులు అడిగారు.

ఇంటర్నెట్టు వచ్చాక పవర్స్‌గారి ఫోటోల పుస్తకం అందరి చేతుల్లోకీ వచ్చింది. అమెరికాలో 2005 లో 'మోడల్ మేహెం' వెబ్‌సైటు మొదలైంది. ఫ్లోరిడాలో ఇద్దరు మగవాళ్ళు దాని ద్వారా ప్రకటన పని ఇస్తామని ఆడపిల్లల్ని పిలిచి, మత్తుమందు పెట్టి పాడుచేశారు. 2012 లో వాళ్ళకు యావజ్జీవ శిక్షలు పడ్డాయి. సంగతి తెలిసీ తమను హెచ్చరించలేదని ఒక బాధితురాలు ఆ సైటు యజమానులపై దావా వేస్తే, ఆ దావా సాగవచ్చని 2016 లో అప్పీలు కోర్టు చెప్పింది.

మరి ఇంటర్నెట్టు దారంతా ముళ్ళేనా? కాదు. 2020 లో కరోనా మూలంగా ఫెమినా మిస్ ఇండియా పోటీ ఎంపికలు ఇంటర్నెట్టులోనే జరిగాయి. 2021 ఫిబ్రవరిలో కిరీటం అందుకున్నది మన హైదరాబాదు ఇంజనీరమ్మాయి మానసా వారణాసి. కాని ఆ పోటీ జరిపినవారెవరో దేశమంతా ఎరుగును.

కనుక ఇంటర్నెట్టా, ఏజెన్సీయా అన్నది అసలు ప్రశ్న కాదు. డబ్బు ఎటునుంచి ఎటు వెళుతోంది? అడిగేవారికి ఊరూ, తలుపూ ఉన్నాయా? షరతులు కాగితం మీద ఉన్నాయా? ఈ మూడూ తేలాకే ఫోటో పంపడం. కొలతలకని ఒంటిమీద బట్ట తగ్గించిన ఫోటోలు అడిగితే అక్కడితో సరి. పిలిచిన చోటికి పిల్లను ఒంటరిగా పంపవద్దు. డబ్బు పోయిందనుకోండి, ఆలస్యం చేయకుండా 1930 నంబరుకు ఫోను చేయాలి. ఎంత త్వరగా చెబితే బ్యాంకులో ఆ పైకం ఆపించే వీలు అంత ఎక్కువ.

అన్నిటికన్నా ముఖ్యమైనది ఇంకొకటుంది. నందిగామలో మాకు తెలిసిన ఒక పిల్ల ఇలాగే రెండుసార్లు డబ్బు కట్టింది. మూడోసారి కట్టనంటే, పంపిన ఫోటోలు అందరికీ చూపిస్తామని బెదిరించారు. అమ్మ తిడుతుందన్న భయంతో నాలుగు నెలలు ఆ పిల్ల అన్నం సరిగా తినలేదు. మోసగాడి బలమంతా మన కోపంలోనే ఉంది. ముఖం ప్రకటనలో కనబడాలని కోరుకోవడం తప్పు కాదు. మన పిల్ల ఆ కోరికను ముందు మనతో చెప్పుకోగలగాలి.

ఇంతకీ మా వీధావిడ ఏం చేసిందంటారా? కూతుర్ని పక్కన కూర్చోబెట్టుకుని జవాబు రాయించింది. "మా ఊళ్ళో పనికి పిలిచినవారే బయానా ఇస్తారండీ. మీ చిరునామా రాసి, బయానా పంపండి. తల్లీకూతుళ్ళం ఇద్దరం బస్సెక్కుతాం."

ఇంతవరకూ జవాబు లేదు.

సెలవు.