ఇరుగుపొరుగు సంఘము: ఫిలడెల్ఫియా నగరపు పాఠము



పల్లెలో నొక పూరింటికి నిప్పంటుకొన్నచో ఎవరిని ఎవరును పిలువ నక్కఱలేదు. కేక వినబడినంతనే చేతి కందిన కడవతో ఊరంతయు బావికడకు పరుగెత్తును. ఆ యింటివానితో నిన్న గట్టుతగవు పడినవాడు సైతము నేడు వాని కప్పుమీద నీళ్లు చల్లుచుండును. పట్టణమున నట్లు కాదు. అచ్చట గోడకు గోడ ఆనుకొని యుండును గాని మనసునకు మనసు ఆనుకొని యుండదు. పదియేండ్లు ఎదురెదురు ఇండ్లలో కాపురముండి పేరెఱుగనివా రెందఱో కలరు. మన బిడ్డలును మనుమలును నేడు పట్టణములకు బోయి అట్టి యిండ్లలోనే కాపురములు పెట్టుచున్నారు.

జీతము లేక, దొరతనమువారి యుత్తరువు లేక, ఒక వీథివారు తమంతట తాము కూడి సంఘముగా నిలుచుట సాధ్యమా? నిలిచినచో దేని బలమున నిలుచును? చెడినచో దేనివలన చెడును? నేటి ప్రసంగమున ఈ ప్రశ్నలకు చరిత్ర యేమి బదులు చెప్పుచున్నదో విన్నవించెదను.

సంఘముగా గూడుట మనకు క్రొత్త కాదు. కృష్ణానదీ ముఖమునకు చేరువనున్న భట్టిప్రోలు స్తూపమును 1892వ సంవత్సరమున త్రవ్వినప్పుడు లభించిన రాతి భరిణెలపై గోష్ఠి యనియు, నిగమ మనియు మాటలు చెక్కబడి యున్నవి. వానిలో జేరినవారి పేర్లును వరుసగా గలవు. అవి క్రీస్తునకు పూర్వపు వ్రాతలు. అచ్చట పేర్లు మాత్రము మిగిలినవి. ఆ సంఘములను నడిపిన తీరు రాతికెక్కలేదు. నడిపిన తీరు వ్రాతలో మిగిలియున్న యొక నగరము కలదు. అది అమెరికాలోని ఫిలడెల్ఫియా. దాని కథ వినుడు.

డెలవేరు నది యొడ్డున విలియం పెన్ అనునాతడు 1682లో ఆ నగరమును నెలకొల్పెను. ప్రతియిల్లును తోట నడుమ దూరదూరముగ నుండవలెననియు, అట్లున్న నగర మెన్నడును కాలిపోదనియు ఆయన తలంపు. కాని రేవు వ్యాపారము పెరుగగా స్థలమునకు గిరాకి కలిగి, తోటలు పోయి ఇండ్లు ఒండొంటి నానుకొని లేచినవి. చలిదేశమగుటచే ఇంటింటను పొయ్యిలో కట్టెలు మండుచుండెడివి. ఒక గదినుండి మఱొక గదికి నిప్పులు పారతో మోసికొని పోవుట వారి వాడుక. ఒక్క నిప్పుకణిక మెట్లసందున జాఱినచో అర్ధరాత్రమునకు ఇల్లంతయు మంట. 1730లో రేవుకడ పుట్టిన మంట గొప్ప నష్టము కలిగించెను.

ఆ కాలమున బెంజమిన్ ఫ్రాంక్లిన్ ఆ యూర ముద్రాపకుడుగ నుండెను. ఈయన 1706లో బోస్టను నగరమున క్రొవ్వువత్తులు చేయువాని యింట బుట్టినవాడు. బడికి బోయినది రెండేండ్లకు మించదు. 17 ఏండ్ల వయసున, 1723లో, దాదాపు వట్టిచేతులతో ఫిలడెల్ఫియా చేరెను. 1727లో తనవంటి పనివాండ్రను కొందఱిని గూర్చి, ప్రతి శుక్రవారము సాయంకాలము కలిసి మాటలాడుకొను గోష్ఠి నొకదానిని ఏర్పఱచెను. దానికి జంటో యని పేరు. తరువాత ఆ యూరికి గలిగిన మేళ్లలో పెక్కులకు మొలక యీ గోష్ఠియే.

1735లో ఆయన తన పత్రికయందే అగ్నిభయమును గూర్చి యొక లేఖ ప్రకటించెను. అప్పటి కాయనకు 30 ఏండ్లు నిండలేదు. అయినను, చేతులు సత్తువ తప్పిన యొక ముసలివాడు వ్రాసినట్లుగ దానిని వ్రాసెను. నిప్పును మూతలేని పారతో మోయరాదు. పొగగొట్టములు ఊడ్చువారికి అనుమతిపత్రము లుండవలెను. బోస్టనులో నున్నట్టి సంఘము మనకును కావలెను అని యందలి సారము. పడుచువాడు చెప్పిన వినని మాట ముసలివాడు చెప్పిన విందురని ఆయన యెఱుగును.

1736 డిసెంబరు 7వ తేదీన యూనియను అగ్నిసంఘము వెలసెను. అందు జేరినవారు త్వరలోనే సుమారు 30 మంది యైరి. వారు వ్రాసికొన్న కట్టుబాట్లు వినదగినవి. ప్రతివాడును తన సొంతఖర్చుతో కొన్ని తోలుబొక్కెనలను, గట్టి సంచులను, బుట్టలను సిద్ధముగ నుంచుకొనవలెను. బొక్కెనలు నీటికొఱకు, సంచులును బుట్టలును కాలుచున్న యింటిలోని సామాను బయటికి జేర్చుటకొఱకు. కేక వినినతోడనే ఇవి చేతబట్టుకొని రావలెను. సామాను బయటబడిన వెనుక దొంగలపాలు గాకుండ కొందఱు వాకిట కాపుండవలెను. నెల కొకమారు అందఱును గూడి భోజనము చేసి, మంటలను గూర్చి ఎవనికి దోచిన యుపాయము వాడు చెప్పవలెను.

వీనిలో నాకు మిక్కిలి నచ్చిన కట్టుబా టొకటి కలదు. సంఘములోని వాడెవ డైన చనిపోయినచో, వాని భార్య వితంతువుగ నున్నంతకాలము, భర్త బ్రతికియున్నప్పుడు వలెనే ఆమె యింటిని కాపాడవలెను. ఆమె చేయవలసినది ఆ బొక్కెనలను సంచులను పాడుగాకుండ నుంచుటయే. సంఘమనునది చేరిన మనుష్యుని ఆయువుతో దీరిపోవు బేరము కాదని ఆ యొక్క వాక్యమే చాటుచున్నది.

ఇక ధనము మాట. నెలసమావేశమునకు రానివాడు జరిమానా ఇచ్చుకొనవలెను. ఆ జరిమానాల పైకముతోనే నీరు చిమ్ము యంత్రములను, నిచ్చెనలను, మండుచున్న కప్పులను లాగివేయు కొక్కెములను కొనిరి. చూడుడు, వచ్చినవాని తెలివి సంఘమున కుపకరించెను. రానివాని డబ్బును ఉపకరించెను. సోమరితనము కూడ నిచ్చెనయై పోయినది!

సంఘమున చేరగోరువారు పెరిగిరి. అందఱిని చేర్చుకొని పెద్దది చేయుదమని ఫ్రాంక్లిన్ తలంపలేదు. ఒకరి నొకరు ఎఱిగియుండుటకు 30 మంది చాలునని, తక్కినవారిని వేఱొక సంఘము పెట్టుకొనుడని ప్రోత్సహించెను. అట్లు ఒకటి రెండై, రెండు పెక్కై, ఆస్తిగలవారిలో చాలమంది ఏదో యొక సంఘమున జేరినవారైరి. 1752లో ఈ తలంపే పెరిగి, ఇండ్లకు అగ్నిభీమా చేయు సహకార సంస్థ యొకటి వెలసెను. అది నేటికిని నడచుచున్నది. 50 ఏండ్లు దాటిన పిదప, 1788లో, ఫ్రాంక్లిన్ తన స్వీయచరిత్ర వ్రాయుచు, ఆ తొలిసంఘ మింకను నిలిచియున్నదనియు, తొలిసభ్యులలో తానును తనకన్న ఒక యేడు పెద్దయైన మఱొకడును మాత్రమే మిగిలితిమనియు చెప్పుకొనెను.

రాత్రి కావలి కథ మఱొక తీరు. వంతులచొప్పున ఇంటివారు కావలి కాయవలెను. కాయలేనివారు ఏటికి 6 షిల్లింగులు చెల్లింపవలెను. ఆ పైకము కూలికి మించి యుండెడిది. కావలి యధికారి మిగులు తానుంచుకొని, కొంచెము త్రాగుడుకు వచ్చు పోకిరులను వెంట బెట్టుకొనెడివాడు. వారు కావలి మాని త్రాగుచు రాత్రి గడపెడివారు. ఫ్రాంక్లిన్ ఈ లోపమును జంటో యెదుట చదివిన వ్యాసమున ముఖ్యముగ నొకమాట చెప్పెను: ఉన్న సొత్తంతయు 50 పౌనులు చేయని బీదవితంతువును, గిడ్డంగిలో వేలకొలది పౌనుల సరుకు గల వర్తకుడును ఒకటే రుసుము చెల్లించుట న్యాయము కాదు, కాపాడబడు సొత్తునుబట్టియే రుసుము ఉండవలెను. అప్పటికప్పుడు ఆ మాట నెగ్గలేదు. జంటోకు శాఖలైన గోష్ఠులలో ఎవరికి వారే తలంచినట్లుగ ఆ ప్రస్తావన నడచి, జనుల మనసులు సిద్ధపడిన కొన్నియేండ్లకు శాసనమై వెలసెను.

వీథి యూడ్చుట యింతకన్న చిన్నపని. కాని అందలి నేర్పు చిన్నది కాదు. అంగడివీథికి రాయి పఱచిరి గాని ఊడ్చువాడు లేక బురద నిండుచుండెను. ఫ్రాంక్లిన్ కష్టజీవి యగు ఒక బీదవానిని వెదకి, వారమునకు రెండుమార్లు ఊడ్చి చెత్త నెత్తిపోయుటకు ఇంటికి నెలకు 6 పెన్నీలని యొప్పించెను. తరువాత, వాకిలి శుభ్రమైనచో ఇంటిలోనికి బురద రాదనియు, అంగళ్లకు కొనువారు ఎక్కువగ వత్తురనియు ఒక కాగితము ముద్రించి యింటింటికి పంపెను. ఒకటి రెండు దినములు ఆగి, తానే యింటింటికి నడచి సంతకము లడిగెను. అందఱును చేవ్రాలు చేసిరి. కొంతకాలము ఆ సౌఖ్య మనుభవించిన మీదట, ఊరంతటికిని రాయి పఱపింపుడని, అందుకై పన్ను నిత్తుమని జనులే ముందునకు వచ్చిరి. పన్ను ముందు, సుఖము తరువాత యన్నచో ఎవడును వినడు. చిన్నసుఖము ముందు చూపినచో పన్నును తానే మోయును.

వీథిదీపముల విషయమున, ఆ తలంపు తనది కాదని ఆయన స్పష్టముగ వ్రాసెను. జాన్ క్లిఫ్టన్ అను నొక గృహస్థుడు తన వాకిట దీపము నిలిపి దారిచూపినాడనియు, తాను చేసినది దీపపు ఆకారమును బాగుచేయుట మాత్రమే యనియు ఒప్పుకొనెను. గుండ్రని బుడ్డి లోపల పొగపట్టి నల్లబడుచుండగా, ఆయన నాలుగు పలకల అద్దములు పెట్టి, పొగ పోవుటకు పైన గొట్టమును, గాలి వచ్చుటకు క్రింద సందులను అమర్చెను. ఒక్క పలక పగిలిన దానినే మార్చుకొనవచ్చును.

ఆ వినయము పుట్టుకతో వచ్చినది కాదు, దెబ్బతిని నేర్చినది. 1731లో చందాలతో గ్రంథాలయము పెట్టునప్పుడు, ఇది నా యూహ యని తానే చెప్పుకొనగా జనులు వెనుదీసిరి. పొరుగువానికి తమకన్న ఎక్కువ పేరు వచ్చుట ఎవరికిని గిట్టదు. అంతట ఆయన తాను చాటుననుండి, ఇది కొందఱు మిత్రుల తలంపు, నన్ను తిరుగుమనిరి, తిరుగుచున్నాను అనెను. పని సాగెను. కొంతకాలము పేరు విడుచుకొన్నచో, పిదప అది వడ్డితో గూడ తిరిగివచ్చునని ఆయన యనుభవము.

ఇంతవఱకు వెలుగు. ఇక నీడయు జూపవలెను; లేనిచో అది చరిత్ర కాదు, స్తోత్రము.

ఫ్రాంక్లిన్ 1790లో గతించెను. ఆ తరువాతి నూఱేండ్లలో అగ్నిసంఘములు పెక్కు పుట్టినవి. 1818లో ఆ నగరమునందలి స్వతంత్రులైన నల్లజాతివారు తామును ఒక సంఘము పెట్టబూనగా, తెల్లవారి సంఘము లేకమై అడ్డుపడినవి. కలహము పెరుగునని వెఱచి నల్లవారి పెద్దలే ఆ యత్నమును మాన్పించిరి. మంటకు రంగుభేదము లేదు, ఆర్పువారికి గలిగినది. ఒకరి బొక్కెనను త్రోసివేసినవారు కడకు తమలో దాము త్రోసికొనిరి. 1840 ప్రాంతములకు ఒక్కొక్క సంఘము ఒక్కొక్క పేటకును, మతమునకును, రాజకీయపక్షమునకును పతాకమై పోయెను. మంటకడకు మాయంత్రము ముందు రావలెనని పందెములు. నీటికొళాయి మాదని కొట్లాటలు. ఇల్లు కాలుచుండగా ఆర్పవచ్చినవారు వీథిలో రాళ్లు రువ్వుకొనిరి. ఒక్కొకప్పుడు తుపాకులును మ్రోగినవి. తుదకు నగరమువారు విసిగి, 1871లో జీతగాండ్రతో అగ్నిమాపకశాఖ నేర్పఱచిరి. స్వచ్ఛందసంఘముల కాలము అంతటితో ముగిసెను.

శ్రద్ధ తక్కువై అవి చెడలేదు. శ్రద్ధ మితిమీఱియే యుండెను. కాని అది ఇంటిమీద గాక తమ పతాకముమీద నిలిచెను.

ఈ కథ నేనేల చెప్పుచున్నాను? ఉద్యోగము చాలించిన పిదప కొన్నియేండ్లు ఒక పట్టణమున నా కుమారునియింట నుంటిని. మా వీథివారు మురుగుకాలువ నిమిత్తము సంఘముగా గూడి, చదువుకొన్న పెద్దవాడనని నన్ను కార్యదర్శిగ నిలిపిరి. మొదటియేడు కాలువ బాగుపడెను. రెండవయేట చందాలతో చదువుకొనుటకు చిన్న గది కట్టితిమి. గోడకు శిలాఫలకము పెట్టదలచి, పేర్లపట్టిక నన్ను వ్రాయుమనిరి. నా పేరు మూడవ పంక్తిలో వ్రాసికొంటిని. స్వయముగ కాలువలో దిగి పూడిక తీసినవాని పేరు వ్రాయ మఱచితిని. అతడేమియు ననలేదు. మఱుసటి నెల కూడినప్పుడు రాలేదు. ఆపై అతని ప్రక్క యేడిండ్లవారును రాలేదు. ఏడాది తిరుగకముందే సంఘము లేదు. ఫలకము మాత్ర మున్నది. ఆ తరువాత ఫ్రాంక్లిన్ స్వీయచరిత్రమును మరల చదివినప్పుడు, గ్రంథాలయపు చందాల ఘట్టముకడ నాకు చాలసేపు పుట త్రిప్ప చేయాడలేదు.

కావున, పట్టణమునందలి మీ బిడ్డలు సెలవునకు వచ్చినప్పుడు, మీ వీథిలో సంఘమున్నదా యని యడుగుడు. ఉన్నచో, నెలనెలయు కూడుచున్నారా, లెక్కలు అందఱి యెదుట చదువుచున్నారా, బీదయింటికిని కలిగినయింటికిని ఒకటే చందా వేయుచున్నారా, ఏ యింటివారి నైన వెలిపెట్టితిరా యని యడుగుడు. చనిపోయినవాని యింటికి ఇప్పటికిని పోవుచున్నారా యనియు అడుగుడు. కడపట, ఫలకము మీద ఎవరి పేరు వ్రాసితిరని యడుగుడు. వారు తడుముకొన్నచో, తోలుబొక్కెనల సంఘపు కథ చెప్పుడు. వెంట నా కథయు జెప్పుడు.