ఊరు పోయినా నిలిచిన ఇంటిపేరు

తెలుగువాళ్ల ఇంటిపేర్లలో చాలా భాగం ఊళ్ల పేర్లే. తాతముత్తాతలు ఆ ఊరు విడిచి వందేళ్లయి ఉంటుంది, ఊరే ప్రాజెక్టు నీళ్లలో మునిగి ఉంటుంది, అయినా మనిషి పేరుకు ముందు ఆ ఊరు కూర్చునే ఉంటుంది. జావా భాషలో క్లాసులకూ అలాంటి ఇంటిపేర్లుంటాయి. వాటిని ప్యాకేజీ అంటారు, అవీ అసలు పేరుకు ముందే వస్తాయి. ఈమధ్య జావాఎఫ్ఎక్స్‌లో రాసిన ఒక ప్రోగ్రాము చదువుతుంటే పై వరసలోనే ఇలా కనిపించింది: నెట్‌స్కేప్ డాట్ జావాస్క్రిప్ట్ డాట్ జేఎస్ఆబ్జెక్ట్. పాత స్నేహితుడు బస్టాండులో ఎదురైనంత సంతోషమేసింది. నెట్‌స్కేప్ బ్రౌజర్ 2008 మార్చి 1తో అయిపోయింది. తొమ్మిదేళ్ల తర్వాత, 2017లో జావా 9 సరంజామానంతా మాడ్యూళ్లుగా విడదీసి సర్దినప్పుడు కూడా ఈ క్లాసును ఆ ఇంటిపేరుతోనే ఉంచారు.

ఆ పేరు వెంట వెనక్కి వెళ్లి 1995లో ఆగాను. అక్కణ్నుంచి కదలబుద్ధి కాలేదు.

ఆ ఏడాది మే నెలలో నెట్‌స్కేప్‌లో బ్రెండన్ ఐక్ పది రోజుల్లో ఒక చిన్న భాష నమూనా తయారుచేశాడు. అదే నెల 23న సన్ మైక్రోసిస్టమ్స్ జావాను లోకానికి చూపించింది. జేమ్స్ గోస్లింగ్ బృందం అంతకుముందు కొన్నేళ్లుగా ఓక్ అని పిలుచుకుంటూ పెంచిన భాష అది. జావాను తన బ్రౌజర్‌లోకి తీసుకుంటానని నెట్‌స్కేప్ అప్పుడే చెప్పింది. మరి రెండో భాష ఎందుకు? చేయి తిరిగిన ప్రోగ్రామర్లు జావాలో గట్టి భాగాలు చేసిపెడతారు, పేజీ కట్టేవాళ్లు వాటిని అతికించుకోవడానికి తేలికైన భాష ఒకటి కావాలి. ఐక్ భాషకు ఇచ్చిన పని ఆ అతుకుల పని. దాన్ని మొదట మోకా అన్నారు, తర్వాత లైవ్‌స్క్రిప్ట్ అన్నారు, డిసెంబరు 4న సన్‌తో కలిసి జావాస్క్రిప్ట్ అని ప్రకటించారు.

చూడ్డానికి జావాలా ఉండాలన్నది పైవాళ్ల ఆదేశం. దాని ఫలితం ఒకటి ఇవాళ్టికీ ప్రోగ్రామర్లను తిప్పలు పెడుతోంది. జావాస్క్రిప్ట్‌లో జనవరి సున్నా, డిసెంబరు పదకొండు. తేదీల వ్యవహారాన్ని నెట్‌స్కేప్ ఉద్యోగి కెన్ స్మిత్ జావా నుంచి ఉన్నదున్నట్టు తెచ్చి పెట్టాడు. 1997లో జావా 1.1 తన తేదీ క్లాసులో నెలను చెప్పే పాత మెథడ్‌ను వాడొద్దని చెప్పేసింది. జావాస్క్రిప్ట్ మాత్రం ఆ సున్నా నెలను మోస్తూనే ఉంది.

1996 మొదట్లో వచ్చిన నెట్‌స్కేప్ బ్రౌజర్ నావిగేటర్ 2.0లో జావా యాప్లెట్లూ (పేజీలోపల నడిచే చిన్న జావా ప్రోగ్రాములు) జావాస్క్రిప్టూ రెండూ ఉన్నాయి. కానీ వాటికి నేరుగా మాట్లాడుకునే దారి లేదు. ఒకే ఇంట్లో రెండు వాటాల్లో అద్దెకుంటూ పలకరింపుల్లేని కుటుంబాల్లా ఉండేవి. ఆగస్టులో వచ్చిన నావిగేటర్ 3.0 మధ్యగోడకు తలుపు పెట్టింది. ఆ తలుపు పేరు లైవ్‌కనెక్ట్. జావాస్క్రిప్ట్ ఇటునుంచి యాప్లెట్‌ను పేరు పెట్టి పిలిచి, అందులో పబ్లిక్‌గా ఉన్న మెథడ్లను నడపగలిగేది. యాప్లెట్ అటునుంచి జేఎస్ఆబ్జెక్ట్ ద్వారా పేజీ కిటికీని అందుకుని, అందులోని ఫారాలు చదవగలిగేది, ఫంక్షన్లు పిలవగలిగేది.

సరుకు తలుపు దాటేటప్పుడే అసలు కష్టం. జావాలో సంఖ్యలకు ఎన్నో రకాలు: ఇంట్, లాంగ్, ఫ్లోట్, డబుల్. అప్పటి జావాస్క్రిప్ట్‌కు తెలిసింది డబుల్ ఒక్కటే. కాబట్టి పదహారు పదిహేడు అంకెల లాంగ్ ఇవతలికొచ్చేసరికి చివరి అంకె మారిపోయే ప్రమాదం ఉండేది. యాప్లెట్ పంపిన స్ట్రింగ్ కూడా నావిగేటర్‌లో జావా వస్తువుగానే చేతికొచ్చేది. దానికి ఒక ఖాళీ స్ట్రింగ్ కలిపితే గానీ జావాస్క్రిప్ట్ స్ట్రింగ్ అయ్యేది కాదు. ఈ కిటుకు తెలియక ఒక రాత్రంతా జాగారం చేసినవాళ్లలో నేనూ ఒకణ్ని.

నాకు అన్నిటికంటే ఇష్టమైనది మేస్క్రిప్ట్ అనే చిన్న మాట. పేజీ రాసినవాడు యాప్లెట్ ట్యాగులో ఆ మాట రాస్తేనే యాప్లెట్‌కు పేజీలోకి ప్రవేశం. బయటివాడు చేసిన యాప్లెట్ నా పేజీలో ఆడుకోవచ్చు, కానీ నా ఫారంలో ఏముందో చూడాలంటే నా అనుమతి కావాలి. ఇవాళ బయటి స్క్రిప్టు ఒకటి తెచ్చి పేజీలో పెడితే చాలు, అది ఇల్లంతా తిరిగేస్తుంది, వంటింటి డబ్బాలు కూడా మూత తీసి చూస్తుంది. గడప దగ్గర ఆగి అడిగే ఆ మర్యాద పోవడం నాకు నిజంగా బాధగా ఉంది. యాప్లెట్లు పోయినా ఆ పద్ధతి నిలవాల్సింది.

ఆ తలుపు గుండా ఏం వెళ్లేదో చెప్పాలంటే నాకు గుర్తొచ్చేది పీటర్ ఎర్టల్ చేసిన జేఎంఈ యాప్లెట్. అందులో రసాయన అణువును మౌసుతో గీసేవారు. పేజీలో బొత్తాం నొక్కితే జావాస్క్రిప్ట్ వెళ్లి స్మైల్స్ అనే మెథడ్‌ను పిలిచేది. గీసిన బొమ్మ అక్షరాల దండగా మారి వచ్చేది: ఇథనాల్ గీస్తే సీ, సీ, ఓ అనే మూడక్షరాలు. వాటిని ఫారంలో పెట్టి సర్వరుకు పంపితే వెతుకులాట మొదలయ్యేది. పెద్ద భాగం జావాది, అతుకు జావాస్క్రిప్ట్‌ది. 1995లో అనుకున్నది అచ్చంగా ఇదే.

తర్వాతి కథ చకచకా నడిచింది. 2008లో సన్, బ్రౌజర్‌లో జావాను నడిపే తన ప్లగిన్‌ను తిరగరాస్తూ లైవ్‌కనెక్ట్‌నూ కొత్తగా కట్టింది. 2015లో క్రోమ్, 2017లో ఫైర్‌ఫాక్స్ జావా ప్లగిన్‌కు తలుపులు మూసేశాయి. 2018లో జావా 11 ఆ ప్లగిన్‌నే తీసేసింది.

అణువులు గీసేవాళ్లు మాత్రం ఆగలేదు. జేఎంఈ జావా కోడ్‌ను జావాస్క్రిప్ట్‌గా మార్చి 2013లో జేఎస్ఎంఈ అని విడుదల చేశారు. అతుకుల కోసం పుట్టిన భాషే మొత్తం బరువు ఎత్తుకుంది. ఆస్ట్రియాలోని సాల్జ్‌బర్గ్‌లో మార్కస్ హోహెన్‌వార్టర్ మొదలుపెట్టిన లెక్కల సాధనం జియోజీబ్రా కూడా ఆ దారినే నడిచింది. ఇప్పుడది పేజీలో జావా చుక్క లేకుండా నడుస్తుంది. అయినా జావాస్క్రిప్ట్ నుంచి దానికో వృత్తం గీయమని చెప్పాలంటే, మామూలుగా పిలవాల్సిన పేరు ఇప్పటికీ జీజీబీయాప్లెట్.